క్యాంపర్ వ్యాన్‌లో మసకబారిన లైట్లు: హాలోజన్ తీసి 10–30 వోల్టుల ఎల్ఈడీలు పెట్టి చాలాకాలం వాడాక

వ్యాన్ లోపలి జీ4 (రెండు సన్నటి కాళ్లుండే చిన్న రకం) హాలోజన్ బల్బులు తీసేసి ఎల్ఈడీలు పెట్టుకోవాలనుకుంటే, లోపలే డ్రైవర్ సర్క్యూట్ (వోల్టేజీ మారినా ఎల్ఈడీలకు ఒకే కరెంటు ఇచ్చే భాగం) ఉండి 10–30 వోల్టులు అని రాసి ఉన్నవే కొనండి. ఉత్త 12 వోల్టులు అని రాసిన బల్బులు, రెసిస్టర్ల మీద నడిచే స్ట్రిప్‌లు చవకగా వస్తాయి. ఇంట్లో అడాప్టర్ మీద బాగానే వెలుగుతాయి, వ్యాన్‌లో మాత్రం నిలవవు. డ్రైవర్ ఉన్నవి ఎండాకాలాలు, వానాకాలాలు దాటినా కంటికి తేడా తెలియనంత నిలకడగా వెలుగుతున్నాయి.

కానీ బల్బు కొనేముందు మల్టీమీటర్ బయటికి తీయాలి. లైటు మసకబారితే చాలాసార్లు తప్పు బల్బుది కాదు, దాని దాకా కరెంటు వచ్చే దారిది. ఆ దారి చూడకుండా బల్బు మారిస్తే, ఎల్ఈడీ తక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి మసక పోతుంది, లోపం మాత్రం అక్కడే దాక్కుంటుంది. అదే లైను మీద ఫ్యానో నీళ్ల పంపో ఉంటే ఆ జాయింటు వేడెక్కుతూనే ఉంటుంది.

కొలిచేటప్పుడు లైట్లన్నీ వేసే ఉంచాలి. ఇది చాలామంది చేయరు. లైటు ఆపి హోల్డర్ దగ్గర కొలిస్తే, చిలుము పట్టిన జాయింటు గుండా కూడా మీటరుకు నిండు 12.6 వోల్టులు కనిపిస్తాయి, ఎందుకంటే మీటరు లాగే కరెంటు దాదాపు సున్నా. లైట్లు వెలుగుతుండగా మీటరు ఒక కొనను బ్యాటరీ ప్లస్ మీద, రెండో కొనను హోల్డర్ ప్లస్ మీద పెట్టండి. వచ్చే అంకె ఆ దారిలో పోతున్న వోల్టేజీ. మైనస్ వైపు కూడా అలాగే చూడండి. రెండూ కలిపి 0.4 వోల్టు లోపు ఉంటే దారి బాగుంది. 1 వోల్టు దాటితే బల్బు జోలికి పోకుండా వైరింగు పట్టుకోవాలి. ఏ వైపు ఎక్కువ పోతోందో తెలిసింది కాబట్టి, ఆ వైపు ఫ్యూజు, స్విచ్, జాయింటు ఒక్కొక్కటి దాటుకుంటూ కొలుచుకుపోతే అంకె ఎక్కడ ఎగిరిందో అక్కడే దొంగ దొరుకుతాడు.

ఎక్కువగా దొరికేది మైనస్ వైపు. ఎర్త్ వైరు లగ్గును (వైరు చివర ఉండే రింగు లాంటి లోహపు ముక్కను) పెయింటు గీకకుండా బాడీకి బిగించేస్తారు. మొదట్లో స్క్రూ మరల ద్వారా కాంటాక్ట్ వస్తుంది, తేమకు తుప్పు పట్టాక అదీ పోతుంది. సముద్ర తీరం వెంట తిరిగే బండ్లలో ఇది మరీ తొందరగా వస్తుంది. లగ్గు విప్పి, కింద రేకు మెరిసేదాకా ఎమరీ పేపర్‌తో రుద్ది, రంపపు పళ్ల వాషర్ వేసి బిగించి, పైన గ్రీజు రాయాలి. ఇంకా మంచిది, లైట్ల మైనస్‌ను బాడీకి ఇవ్వకుండా విడి వైరుతో నేరుగా నెగెటివ్ బస్‌బార్‌కు, అంటే మైనస్ వైర్లన్నీ కలిసే లోహపు పట్టీకి, తెచ్చుకోవడం. తర్వాతి అనుమానం వైరును కోసి పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పుల మీద. బండి కుదుపులకు అవి లూజవుతాయి. వాటిని తీసేసి క్రింప్ చేసి (లోహపు గొట్టంలో వైర్లు పెట్టి నొక్కి బిగించి) పైన హీట్ ష్రింక్, అంటే వేడికి ముడుచుకుని పట్టేసే గొట్టం, వేయండి, లేదా వాగో 221 లాంటి లీవర్ కనెక్టర్లు వాడండి. ఆ తర్వాత చూడాల్సింది ఫ్యూజు హోల్డర్. ఫ్యూజు బాగున్నా దాని కాళ్లు పట్టుకునే రేకులు నల్లబడి ఉంటాయి.

జాయింట్లన్నీ శుభ్రంగా ఉన్నా వోల్టేజీ పోతుంటే వైరు సన్నం. లెక్క చూద్దాం. బ్యాటరీ నుంచి లైటు దాకా 6 మీటర్లంటే పోనూ రానూ 12 మీటర్లు. 0.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరుకు మీటరుకు సుమారు 0.035 ఓంలు, మొత్తం 0.42 ఓంలు. చివర ఆరు 10 వాట్ల హాలోజన్లు వెలిగితే 5 ఆంపియర్లు, అంటే వైరులోనే 2 వోల్టులు మాయం. హాలోజన్ వెలుగు వోల్టేజీ తగ్గినంతే తగ్గదు, అంతకంటే చాలా వేగంగా పడిపోతుంది. 12కు బదులు 11 అందితే పావు వంతు వెలుగు పోతుంది, 10 అందితే సగం కంటే కాస్త ఎక్కువే మిగులుతుంది. అదే వైరు మీద ఆరు 2 వాట్ల ఎల్ఈడీలు వేస్తే కరెంటు 1 ఆంపియర్, నష్టం 0.4 వోల్టు. పాత ప్యానెళ్లు విప్పి కొత్త వైరు లాగే పని తప్పుతుంది. కొత్తగా లాగేవాళ్లు మాత్రం 1 స్క్వేర్ ఎంఎం కంటే తక్కువ వేయకండి. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు కూడా అమ్ముతారు, దాన్ని వ్యాన్‌లోకి రానివ్వకండి. రాగి కంటే ఎక్కువ వోల్టేజీ తింటుంది, క్రింప్ దగ్గర తెగుతుంది.

ఇక 10–30 అనే అంకె ఎందుకంత ముఖ్యమంటే, వ్యాన్‌లో 12 వోల్టులు అనేవి పేరుకే. నిండిన లెడ్ బ్యాటరీ విశ్రాంతిలో 12.7, సగానికి వచ్చాక 12.2కు కాస్త అటూఇటూ, చార్జింగు నడుస్తుంటే 14.4, ఒక్కోసారి అంతకు మించి. స్ట్రిప్‌లో మూడు ఎల్ఈడీలు, ఒక రెసిస్టరు వరుసగా ఉంటాయి. ఎల్ఈడీలకే 9.6 వోల్టుల దాకా పోతే రెసిస్టరుకు మిగిలేది 2.4. సప్లై 14.4కు లేస్తే ఆ పెరుగుదలలో చాలావరకు రెసిస్టరు మీదే పడుతుంది, కరెంటు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అందుకే బండి నడుస్తున్నప్పుడు వేసి ఉంచిన స్ట్రిప్‌లు నీలి రంగుకు తిరిగి, మూడేసి మూడేసి ముక్కలుగా చచ్చిపోతాయి. అప్పటికే అతికించిన స్ట్రిప్ ఉంటే, దాని ముందు 12 వోల్టులకు నిలబెట్టే డీసీ కన్వర్టర్ పెట్టండి. ఇన్‌పుట్ 12 కంటే పైనా కిందా ఉన్నా పనిచేసే బక్–బూస్ట్ రకమే కావాలి. స్ట్రిప్‌ను చెక్కకు కాకుండా అల్యూమినియం చానెల్‌కు అంటించండి.

డ్రైవర్ ఉన్న బల్బు వోల్టేజీ ఎటు కదిలినా తన ఎల్ఈడీలకు ఒకే కరెంటు ఇస్తుంది. 24 వోల్టుల బస్సును మార్చి కట్టుకున్న వ్యాన్‌లో కూడా అదే బల్బు నడుస్తుంది, అక్కడ చార్జింగు 28 దాటుతుంది కాబట్టి 30 వోల్టుల హద్దు ఊరికే రాయలేదని అర్థం చేసుకోవచ్చు.

మార్చే పని చిన్నదే. ఫ్యూజు తీసి, హాలోజన్ చల్లారనిచ్చి లాగేయండి. కాళ్ల మధ్య ఎడం 4 మిల్లీమీటర్లు అన్నిటికీ ఒకటే, కానీ కాళ్లు పక్కకు ఉన్నవి, వెనక్కు ఉన్నవి రెండు రకాలు దొరుకుతాయి. పల్చటి డౌన్‌లైటుకు పక్క కాళ్లది కావాలి. డబ్బా లోతు, వ్యాసం కొలుచుకుని వెళ్లండి. పాత హోల్డర్ వేడికి పెళుసెక్కి ఉంటే కొత్తది వేయండి, లేదంటే కుదుపుకు లైటు రెప్ప కొడుతుంది. 10 వాట్ల హాలోజన్‌కు 1.5–2 వాట్లు, 20కి 3 వాట్లు సరిపోతాయి. అంతకంటే పెద్దవి మూసిన డబ్బాలో పెడితే వేడి బయటికి పోదు. రంగు 2700–3000 కెల్విన్ (పసుపు ఛాయ వెలుగు), సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె, గరిష్ఠం 100) 90 ఉన్నవి తీసుకుంటే వంట చేసేటప్పుడు ఉల్లిపాయ వేగిందో మాడిందో రంగు చూసి చెప్పొచ్చు. 6500 కెల్విన్ తెల్ల వెలుగులో రాత్రి కూర్చోవడం నాకు ఏనాడూ నచ్చలేదు. నాలుగు గంటలు వెలిగిస్తే ఆరు హాలోజన్లు 20 ఆంపియర్ అవర్లు తింటాయి, ఈ ఎల్ఈడీలు 4.

లోపాలు లేకపోలేదు. డ్రైవర్ సర్క్యూట్ వేగంగా స్విచ్ అవుతూ పనిచేస్తుంది కాబట్టి చవక బల్బులు వెలిగిస్తే ఎఫ్ఎం రేడియోలో గరగర వస్తుంది. లైట్లు ఒక్కొక్కటి ఆర్పుతూ వింటే ఏ బల్బుదో తెలుస్తుంది. వైరుకు ఫెర్రైట్ క్లిప్పు (ఇలాంటి గరగరను అణిచే, వైరు చుట్టూ బిగించే ముక్క) వేస్తే కొంత తగ్గుతుంది, మంచి బల్బు వేస్తే పోతుంది. రెండోది, హాలోజన్ల కోసం పెట్టిన డిమ్మర్ వీటికి చాలావరకు కుదరదు, వెలుగు వణుకుతుంది. డిమ్మర్‌కు పనికొస్తుందని రాసి ఉంటేనే కొనండి, లేదా డిమ్మర్‌ను దాటించి నేరుగా కలపండి. మూడోది, ఇండికేటర్ ఉన్న స్విచ్‌లతో లైటు ఆర్పినా సన్నగా మిణుకుతుంది. ఇండికేటర్ గుండా వచ్చే చిరు కరెంటు ఎల్ఈడీకి చాలు. ఇండికేటర్ మైనస్‌ను బల్బు గుండా కాకుండా విడిగా ఎర్త్‌కు ఇస్తే ఆగుతుంది.

కంపెనీ ఇచ్చిన కప్పు లైటు వేరే సంగతి. చాలా బండ్లలో అది గొట్టంలా ఉండే సీ5డబ్ల్యూ బల్బు, పొడవు సాధారణంగా 36 మిల్లీమీటర్లు. 31, 39, 41 కూడా ఉంటాయి కాబట్టి పాతది కొలిచే కొనండి. పొట్టిది పెట్టి రేకులు వంచితే కొన్నాళ్లకే లూజవుతుంది. కొన్ని ఎల్ఈడీలకు ప్లస్ మైనస్ తేడా ఉంటుంది, వెలగకపోతే పాడైందనుకోకుండా తిప్పి పెట్టి చూడండి.