జీడీబీలో నాకు అన్నిటికన్నా నచ్చినది: ఫైల్ పాత్‌ను అది చదివే తీరు

పాల సేకరణ కేంద్రాల్లో బరువు, వెన్న శాతం నమోదు చేసే యంత్రాలకు నేను తిరుపతిలో ఉండి సీ భాషలో ప్రోగ్రాములు రాస్తాను. ఎన్నో ఏళ్లుగా జీడీబీయే నా డీబగ్గర్, అంటే ప్రోగ్రామును మధ్యలో ఆపి తప్పులు వెతికే సాధనం. బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రాము ఆగాల్సిన చోటు) పెట్టడానికి అందులో పూర్తి పాత్, అంటే ఫైల్ ఏ ఫోల్డర్లలో ఉందో చెప్పే చిరునామా, ఇవ్వనవసరం లేదు. 'వెయిట్/కాలిబ్.సీ:88' (ఫోల్డర్, ఫైల్, లైన్ నంబరు) అంటే చాలు, ఆ భాగంతో ముగిసే పాత్ ఉన్న సోర్స్ ఫైల్‌ను అదే వెతుక్కుంటుంది. పోల్చేది అక్షరాలను కాదు, డైరెక్టరీల (ఫోల్డర్ల), ఫైళ్ల పూర్తి పేర్లను, అందుకే 'ఫ్యాట్/కాలిబ్.సీ' గానీ 'వెయిట్/ఓల్డ్-కాలిబ్.సీ' గానీ పొరపాటున కూడా తగలవు.

దీని విలువ నాకు తెలిసింది చిత్తూరు వైపు ఒక కేంద్రం నుంచి యంత్రం వెనక్కి వచ్చినప్పుడు. ఖాళీ క్యాన్ పెట్టి టేర్ చేసినా (దాని బరువును సున్నాగా తీసుకోమన్నా) అది ఉండి ఉండి కొంత బరువు చూపేది. ఎడిటర్‌లో పెట్టిన బ్రేక్‌పాయింట్ చుక్క ఎరుపు నుంచి బూడిద రంగుకు మారింది, ప్రోగ్రాము ఎక్కడా ఆగలేదు. కోడ్‌ను యంత్రం నడిపే రూపంలోకి మార్చే కంపైలర్ వేగం కోసం చేసే మార్పుల (ఆప్టిమైజేషన్) వల్ల ఆ లైనే ఎగిరిపోయిందని మా బృందంలో కొందరు గట్టిగా వాదించారు. నేను ఎడిటర్‌ను పక్కన పెట్టి, జీడీబీని నేరుగా తెరిచి ప్రోగ్రాములోని సోర్స్ ఫైళ్ల జాబితా ఇచ్చే 'ఇన్ఫో సోర్సెస్' అడిగాను. మా బిల్డ్ బెంగళూరులోని సర్వర్ మీద ఒక కంటైనర్‌లో, అంటే తన ఫైళ్లతో విడిగా నడిచే వాతావరణంలో, జరుగుతుంది. కంపైలర్ తనకిచ్చిన ఫైల్ పేరును, తాను నడిచిన డైరెక్టరీని డీబగ్ సమాచారంలో రాసిపెడుతుంది కాబట్టి అక్కడ కనిపించినవన్నీ సర్వర్ పాత్‌లే. ఎడిటర్ పంపినదేమో నా కంప్యూటర్‌లోని పూర్తి పాత్. అలాంటిది ఆ ప్రోగ్రాములో ఎక్కడా లేదు. చివరి రెండు భాగాలు మాత్రమే టైప్ చేయగానే బ్రేక్‌పాయింట్ పడింది, ప్రోగ్రాము ఆగింది, సెన్సార్ రీడింగ్ నిలకడకు రాకముందే టేర్ ఫంక్షన్ నడుస్తున్న సంగతి కళ్లముందు తేలింది.

ఈ సౌకర్యాన్ని జాగ్రత్తగానే వాడాలి. ఒక సహోద్యోగి 'కాలిబ్.సీ:88' అని మాత్రమే ఇస్తే వెయిట్, ఫ్యాట్ ఫోల్డర్లు రెండింటిలోనూ ఆ పేరు ఉండడంతో 1.1, 1.2 అని రెండు చోట్ల బ్రేక్‌పాయింట్లు పడి, ప్రోగ్రాము వెన్న శాతం లెక్కించే వైపు ఆగింది. 2012లో వచ్చిన 7.4 నుంచి జీడీబీ సరిపోయిన ప్రతిచోటా బ్రేక్‌పాయింట్ పెడుతుంది. ఉత్త రామచంద్రాపురం అంటే మా తిరుపతి పక్కనున్నదా, కోనసీమలోదా అని అడగవలసి వచ్చినట్టే, ఫోల్డర్ పేరు కలిపితేనే స్పష్టత. అక్కరలేనిదాన్ని 'డిసేబుల్ 1.2' అని ఆపవచ్చు గానీ, సెన్సార్‌తో సంభాషణ నడుమ అనుకోని చోట ఆగితే అప్పటికే టైమ్‌అవుట్ అయిపోతుంది. చోటు దొరక్కపోతే బ్రేక్‌పాయింట్‌ను తర్వాతకు ఉంచే 'బ్రేక్‌పాయింట్ పెండింగ్' సెట్టింగ్ ఆన్‌లో ఉంటే మరో చిక్కు: పాత్ తప్పు రాసినా పెండింగ్ అని ఒక్క మాట చూపి ముందుకు సాగిపోతుంది.

ఆగడం వేరు, సోర్స్ చూపడం వేరు. సర్వర్ పాత్ నా దగ్గర లేదు కాబట్టి సోర్స్ కనబడడానికి ఆ పాత్‌కు బదులు నా పాత్ వాడమనే 'సెట్ సబ్‌స్టిట్యూట్-పాత్' ఇవ్వక తప్పలేదు. కొన్ని ఎడిటర్లలో స్టాక్ (ఏ ఫంక్షన్ నుంచి ఎక్కడికి వచ్చామో చెప్పే జాబితా) చూపడానికి వాడే పాత్ మార్పిడిని బ్రేక్‌పాయింట్లకు కూడా వర్తింపజేయాలని విడిగా చెప్పాలి; ఆ ఒక్క సెట్టింగ్ లేకనే చుక్క బూడిదగా మిగిలిపోతుంది. జీసీసీ కంపైలర్ 8వ వెర్షన్‌లో చేరిన '-ఎఫ్‌ఫైల్-ప్రిఫిక్స్-మ్యాప్'తో బిల్డ్ దగ్గరే సర్వర్ పాత్‌ను మార్చేయడం ఇంతకన్నా శుభ్రమైన దారి, కానీ బిల్డ్ సర్వర్ నా చేతిలో లేదు.

మాది చిన్న ప్రాజెక్టు, ఫోల్డర్ల పేర్లు వేర్వేరు, నేను కమాండ్‌లైన్‌లోనే పని చేస్తాను. అందుకే ఈ పద్ధతి నాకు ఇంత బాగా కుదిరింది. ప్రతి మాడ్యూల్‌లోనూ 'ఎస్ఆర్‌సీ/మెయిన్.సీ' ఉండే ప్రాజెక్టులో చివరి రెండు భాగాలు సరిపోవు, మూడోది కూడా రాయాలి. ఎడిటర్ దాటి బయటికి రానివారికైతే ముందు ఆ పాత్ మార్పిడి సెట్టింగ్‌నే సరిచేసుకోమంటాను.