కారు అద్దం మీద నీళ్లు కొట్టే వాషర్ పంపు మళ్లీ పోయిందా? కంపెనీదా, మార్కెట్‌దా, పాత సామాన్ల కొట్టుదా?

పోయిన కార్తీకంలో తెల్లవారుజామున తిరుమల రెండో ఘాట్‌లో కొండెక్కుతున్నాం. సన్నటి తుంపర, ముందు బస్సు చిమ్మే బురద. అద్దం మీద నీళ్లు కొడదామని లివర్ లాగితే చుక్క రాలేదు. వైపర్లు మాత్రం అటూ ఇటూ తిరిగి ఉన్న బురదను అద్దమంతా పూశాయి. ఆగడానికి చోటు దొరికాక మా బావమరిది దిగి, తాగే నీళ్ల బాటిల్‌తో అద్దం కడిగాడు. రెండేళ్లలో అది మూడో పంపు.

మా బండి 2007 మోడల్. ఈ మూడు పంపులూ మూడు రకాలు. కాబట్టి ఏది మేలో చెప్పే అర్హత నాకు డబ్బు పోగొట్టుకునే వచ్చింది.

మొదట వేసింది మార్కెట్ పంపు, అంటే బండి కంపెనీది కాకుండా బయటివాళ్లు చేసింది. చవక, ఏ స్పేర్ పార్ట్స్ షాపులోనైనా దొరుకుతుంది. ఎనిమిది నెలలకు పోయింది. చవకది కొన్నందుకు నన్ను నేనే తిట్టుకుని కంపెనీ పంపు వేయించాను. దాని ధరకు మార్కెట్‌వి రెండు మూడు వస్తాయి. ప్లగ్ సరిగ్గా కూర్చుంది, నీళ్లు గట్టిగా కొట్టింది. ఏడాది తిరగకుండానే అదీ మూగబోయింది. ఇక విసుగొచ్చి పాత సామాన్ల కొట్టులో వేరే బండిది తెచ్చాను. ప్లగ్ కలవలేదు. వైర్లు కోసి మెలేసి టేపు చుట్టారు. నీళ్లు చిమ్మాల్సింది పోయి బానెట్ మీదికే కారేవి. ప్లస్, మైనస్ తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది, నీళ్లు నీరసంగా వస్తాయి. వైర్లు మార్చి కలిపాక బాగైంది కానీ, ఘాట్‌లో చేతులెత్తేసింది ఆ పంపే.

చవకదీ పోయి, ఖరీదైనదీ పోయిందంటే తప్పు పంపుది కాదని అప్పుడే తట్టాలి. నాకు తట్టలేదు. రేణిగుంట రోడ్డులో ఒక మెకానిక్ పెద్దాయన దగ్గరికి బండి తీసుకెళ్తే ఆయన పంపు వంక కూడా చూడలేదు. ముందు ట్యాంకు కింద చెయ్యి పెట్టి తడిమాడు. తడిగా ఉంది. పంపు ట్యాంకులోకి దూరే చోట చిన్న రబ్బర్ బుష్ ఉంటుంది. అది వేడికి గట్టిపడి పగుళ్లిచ్చింది. రాత్రికి రాత్రి నీళ్లన్నీ కారిపోయేవి. పొద్దున నేను ఖాళీ ట్యాంకు మీద లివర్ లాగి పట్టుకునేవాణ్ని. నీళ్లు లేకుండా తిరిగితే పంపులోని సీల్ అరిగిపోతుంది. తర్వాత ట్యాంకు నింపగానే ఆ సీల్ దాటి నీళ్లు మోటారులోకి దిగుతాయి, లోపల తుప్పు పడుతుంది.

తర్వాత మీటరు తీశాడు. ఇంజిన్ ఆపి, నన్ను లివర్ లాగమని, పంపుకు వెళ్లే వైర్ల దగ్గర చూస్తే 9 వోల్టులు. బ్యాటరీ దగ్గర 12.4 ఉంది. మిగతాది ఎక్కడ పోతోందో వెతికితే కరెంటు బండి బాడీకి చేరే ఎర్త్ వైరు బిగించిన బోల్టు కింద పచ్చగా చిలుము. ఉప్పుకాగితంతో రుద్ది బిగించాడు. 12 దాకా వచ్చింది.

"మోటారుది తప్పు కాదు సామీ. మీరు దానికి నీళ్లూ ఇయ్యలేదు, కరెంటూ ఇయ్యలేదు" అన్నాడు.

ట్యాంకు విప్పి బోర్లిస్తే అడుగున తెల్లటి పొడి, జిగట బురద. నేను పోసింది బోరు నీళ్లు, పైగా తల్లో పెట్టుకునే షాంపూ ప్యాకెట్. మా బోరు నీళ్లకు కుళాయి చుట్టూనే సున్నం పేరుకుంటుంది, అద్దం మీదికి నీళ్లు చిమ్మే సూదిమొనంత నాజిల్ ఎంత? ఆ బురద పంపు రెక్కకు అడ్డం పడితే మోటారు తిరగలేక కాలిపోతుంది.

అందుకే అసలు పోటీ పంపుల మధ్య కాదు, నీళ్ల మధ్య. వాషర్ లిక్విడ్ అన్నిటికన్నా మంచిది, కానీ మన దుమ్ముకు లీటర్లు లీటర్లు కావాలి. ఆర్వో ప్లాంటు క్యాన్ నీళ్లు చాలు. ఏసీ నుంచి కారే నీళ్లలో సున్నం ఉండదు, గుడ్డలో వడకట్టి పోయొచ్చు. ఇంట్లో ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం వద్దు. వృథా పోతున్నాయని మా ఆవిడ బకెట్లో పట్టి ఇస్తుంది కానీ, వాటిలో బోరు నీళ్లకన్నా సున్నం ఎక్కువ.

ఇక నా తీర్పు. పాత బండికి మార్కెట్ పంపే మేలు, కానీ కొత్త రబ్బర్ బుష్‌తో, కడిగిన ట్యాంకులో, గీకిన ఎర్త్‌తో. ప్లగ్ మార్కెట్ పంపుకు కలవకపోతేనే కంపెనీది కొనండి. పాత సామాన్ల కొట్టులోది వద్దు. ఎన్నాళ్లు ఎండిపోయి పడుందో ఎవరికి తెలుసు?

కొనేముందు ఒక్క పని చేయండి. బానెట్ ఎత్తి నాజిల్‌కు వెళ్లే పైపు లాగేసి లివర్ లాగించండి. పైపులోంచి నీళ్లు జోరుగా వస్తే పంపు బాగానే ఉన్నట్టు, నాజిల్‌లో సన్న సూది తిప్పితే చాలు. మోటారు చప్పుడొచ్చి నీళ్లు రాకపోతే ట్యాంకు, పైపులు చూడాలి. చప్పుడే లేకపోతే ఫ్యూజు, ఎర్త్, లివర్ స్విచ్, చివరికి మోటారు.

ఇప్పుడు వేసింది మార్కెట్ పంపే. అలిపిరి చెకింగ్ దగ్గర క్యూలో ఉన్నప్పుడు ఒకసారి లివర్ లాగి చూసుకుంటాను. మా బావమరిది మాత్రం ఇప్పటికీ బాటిల్ మూత వదులు చేసే కూర్చుంటాడు.