మోటారు ఎయిర్‌గ్యాప్ లోపాలపై కరెంట్ ఎనలైజర్: నాలుగేళ్ల వాడకం తరువాత

గుంటూరులో మిర్చి నిల్వ చేసే ఒక కోల్డ్ స్టోరేజీలో మోటార్ల నిర్వహణ నా బాధ్యత. అమ్మోనియా కంప్రెసర్లు వేసవిలో రాత్రింబవళ్లు నడవవలసిందే కనుక, మోటారును విప్పకుండా లోపలి సంగతి చెప్పే సాధనం కావాలని పట్టుబట్టి, నాలుగేళ్ల క్రితం తీగకు క్లాంపు తగిలించి, మోటారు తీసుకునే కరెంటును విశ్లేషించే కరెంట్ ఎనలైజర్‌ను కొనిపించాను.

మోటారులో తిరిగే భాగమైన రోటర్‌కూ, దాని చుట్టూ కదలకుండా ఉండే స్టేటర్‌కూ మధ్య సందు (ఎయిర్‌గ్యాప్) చుట్టూ సమానంగా లేకపోతే, సందు తగ్గిన వైపు అయస్కాంత ఆకర్షణ పెరిగి రోటర్‌ను మరింత అటే లాగుతుంది. సగటు సందు 0.8 మి.మీ. ఉన్న మోటారులో 0.08 మి.మీ. తేడా వస్తే, సాధారణంగా అనుమతించే 10 శాతం హద్దుకు చేరినట్టే. మావి పూర్తిగా మూసి ఉండే మోటార్లు. ఎండ్ కవర్ విప్పనిదే సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకు లోపలికి పోదు, విప్పాక రోటర్ ఉన్నచోట ఉండదు. ఈ పరికరానికి నేను విలువ ఇచ్చేది ముఖ్యంగా ఇందుకే.

50 హెర్ట్జ్ సరఫరాపై నిమిషానికి 1470 చుట్లు తిరిగే నాలుగు పోల్ మోటారు సెకనుకు 24.5 చుట్లు తిరుగుతుంది కనుక, లోపం ముదిరితే కరెంటు స్పెక్ట్రమ్‌లో (కరెంటును పౌనఃపున్యాల వారీగా విడదీసి చూపే గ్రాఫులో) 50 నుంచి 24.5 తీసివేస్తే, కలిపితే వచ్చే 25.5, 74.5 హెర్ట్జ్ వద్ద శిఖరాలు ఎత్తుగా లేస్తాయి. రెండో ఏడాది, ఎండ్ కవర్‌లో బేరింగు కూర్చునే చోట బుష్ (లోహపు తొడుగు) వేయించుకుని రిపేరు షాపు నుంచి తిరిగివచ్చిన మోటారులో ఇవి పాత రీడింగు కన్నా బాగా పెరిగాయి. బేరింగులు కొత్తవే, అనుమానం అక్కరలేదని షాపువారు అన్నారు. బెల్టు తీసి ఖాళీగా తిప్పినా శిఖరాలు దాదాపు 25, 75 హెర్ట్జ్ వద్ద అలాగే నిలవడంతో విప్పించాను. స్టేటర్ లోపల ఒకే పక్క రాపిడి గుర్తు, రోటర్ మీద చుట్టూరా గీత కనిపించాయి. బుష్ బోరు కేంద్రం తప్పింది. కేవలం స్థిరంగా ఒక పక్కకు జరిగిన లోపమైతే ఈ శిఖరాలు రావు. ప్రతి రోటర్‌లోనూ ఎంతో కొంత ఉండే తిరుగుడు లోపం (తగ్గిన సందు రోటర్‌తో పాటే తిరగడం) దానితో కలిసినందువల్లే మాకు దొరికింది.

ఇక ఇబ్బందులు. పరికరంతో వచ్చిన సాఫ్ట్‌వేర్ 50 హెర్ట్జ్‌కు అటూ ఇటూ వచ్చే ప్రతి శిఖరాన్నీ ఎయిర్‌గ్యాప్ లోపమనే ఎర్రగా చూపిస్తుంది, దాన్ని నమ్మడం నేను మొదటి ఏడాదే మానుకున్నాను. నిమిషానికి 750 చుట్లు తిరిగే కంప్రెసర్ పిస్టన్ల తాకిడి వల్ల 37.5, 62.5 హెర్ట్జ్ వద్ద శిఖరాలు వస్తాయి. అవి మోటారువి కావు. కంప్రెసర్ సిలిండర్లు లోడు వదిలినప్పుడు స్లిప్ (అయస్కాంత క్షేత్రపు వేగం కన్నా రోటర్ వెనకబడే మేర) మారి శిఖరాలు అలుక్కుపోతాయి కాబట్టి, లోడు నిలకడగా ఉన్నప్పుడే రీడింగు తీయాలి. స్లాట్ హార్మోనిక్స్ (రోటర్ గాళ్ల వల్ల ఎక్కువ పౌనఃపున్యాల వద్ద వచ్చే శిఖరాలు) చూడాలంటే రోటర్ బార్ల, అంటే ఆ గాళ్లలోని లోహపు కడ్డీల, సంఖ్య కావాలి. నేమ్‌ప్లేటు మీద అది ఉండదు, మోటారు విప్పిన రోజు లెక్కపెట్టి నేనే పుస్తకంలో రాసుకుంటున్నాను. సందేహం మిగిలితే వైబ్రేషన్ మీటర్ పెట్టి సరఫరా ఆపిస్తాను. సరఫరాకు రెట్టింపైన 100 హెర్ట్జ్ కంపనం ఆ క్షణమే మాయమైతే కారణం విద్యుత్ సంబంధమైనదే.

అన్నిటికన్నా ముఖ్యమైనది, మోటారు బాగున్నప్పుడు తీసిన తొలి రీడింగు. పరికరం కొనకముందే ఒకటికి రెండుసార్లు రిపేరైన మూడు మోటార్లకు నా దగ్గర అది లేదు. వాటి శిఖరాలు ఎత్తుగా ఉన్నాయా, మామూలుగానే ఉన్నాయా అని ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.