సెయింట్ ఆండ్రూస్‌లో హిమాలయాలెక్కినాం

స్కాట్లండ్‌లో, ఎడిన్‌బరోలో ఉన్న పిల్లల దగ్గరికి పోయిన అనంతపురం జంటలం రెండు. నేనూ మా వీధి పోస్ట్‌మాస్టరన్నా ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో రోజూ కలిసి నడిచేవాళ్లం. ఒక మంగళవారం నలుగురం సెయింట్ ఆండ్రూస్ చూసొచ్చినాం. "మంగళవారం ప్రయాణమేందప్పా" అని వదిన అననే అనింది. ఆ ఊరికి రైలు లేదు. లూకర్స్‌లో దిగి బస్సెక్కితే పది నిమిషాలు.

గోల్ఫుకు పుట్టినిల్లంటారు సెయింట్ ఆండ్రూస్‌ను. లోకమంతా ఆడే పద్దెనిమిది గుంతల లెక్క 1764లో అక్కడి ఓల్డ్ కోర్సు అనే గోల్ఫు మైదానం నుంచి వచ్చిందే. ఆ కోర్సుకు అడ్డంగా బీచికి పోయే దారి ఒకటుంది. ఎవరైనా నడవచ్చు. కాకపోతే కొట్టేవాడు కొట్టేదాకా నిలబడి, గేటు వేసినప్పుడు రైలు పట్టాలు దాటినట్టు గబగబా దాటాల. పేరున్న ఆ చిన్న రాతి వంతెన, స్విల్కన్ బ్రిడ్జి, దూరం నుంచే చూసినాం. ఆదివారం మామూలుగా ఆట ఉండదు, పచ్చికంతా తిరగొచ్చు అని తర్వాత తెలిసింది. మంగళవారం మాటలో వదినే గెలిచింది.

నేను ఈ నాలుగు ముక్కలు రాసేది ఓల్డ్ కోర్సు గురించి కాదు, దాని పక్కనే ఉన్న హిమాలయాస్ గురించి. పేరు చూసి నవ్వుకున్నాం. మోకాలెత్తు, నడుమెత్తు గడ్డి దిబ్బలు, వాటి మధ్య గుంతలు, అంతే. 1867లో మొదలైన ఆడవాళ్ల పటింగ్ క్లబ్బుది. పటింగ్ అంటే బంతిని నేల మీదే మెల్లగా గుంతలోకి దొర్లించడం. కట్టె భుజం పైకెత్తి కొట్టడం ఆడవాళ్లకు మర్యాద కాదనుకున్న కాలం మరి. ఇప్పుడు సభ్యులు ఆడే వేళలు పోను, మనలాంటోళ్లనూ రానిస్తారు. బంతి, కట్టె వాళ్లే ఇస్తారు. మనిషికి రెండు కాఫీల డబ్బు కాలేదు.

గోలీలాడినోళ్లకు ఇదేం కొత్త అని అన్న మొదటి దెబ్బే గట్టిగా కొట్టినాడు. బంతి దిబ్బెక్కింది, పైన ఒక క్షణం ఆలోచించింది, తిన్నగా దిగొచ్చి ఆయన బూటుకే తగిలింది. మూడుసార్లు అట్లే. నేను గుంతకు జానెడు దూరంలో నాలుగు దెబ్బలు పోగొట్టుకున్నా. మా ఆవిడ మాత్రం స్వెటరు మీద కొంగు దోపుకొని, ముగ్గుకు చుక్కలు పెట్టినంత నెమ్మదిగా బంతిని దిబ్బ పక్కనుంచి తిప్పి పంపేది. అది వంక తిరిగిపోయి గుంతలో టక్కుమనేది. వెనక నిలబడిన తెల్లాయన చప్పట్లు కొట్టినాడు.

ఆ ఊళ్లో కోట కూడా చూడండి. రాతిలో సీసా ఆకారంలో తొలిచిన చెరసాల ఉంది, మెడ సన్నం, కడుపు పెద్ద. ఖైదీని పైనుంచి దించేవాళ్లంట. తొంగి చూసి వదిన గుత్తి కోటే నయమనింది.

ఒక్క హెచ్చరిక. బీచిలో సముద్రపు కాకులతో జాగ్రత్త. చిత్రాన్నం జోలికి రాలేదు గానీ, అన్న చేతిలో సగం కొరికిన ఓళిగను ఒకటి ఎత్తుకపోయింది. గాలికి జర్కిన్ ఉండాల, ఎండాకాలమైనా.

హిమాలయాస్‌లో కొట్టిన దెబ్బల లెక్కలు, తక్కువుంటే గెలిచినట్టు: మా ఆవిడ 54, వదిన 63, నేను 71. అన్న లెక్క రాయొద్దన్నాడు.