డెడ్ హార్స్ పాయింట్‌లో సైకిల్ లూప్: మధ్యస్థంగా తొక్కేవాళ్ల కోసం

ఇంటర్మీడియట్ అనగానే మనకు ఎంపీసీయా, బైపీసీయా అన్న ప్రశ్నే గుర్తొస్తుంది. మౌంటెన్ బైకింగ్‌లో ఈ మాటతో వచ్చే చిక్కు ఇంకా ఎక్కువ. ట్రైల్ (సైకిల్ దారి) బోర్డు మీద నీలం చతురస్రం ఉంటే మధ్యస్థం అని అర్థమే కానీ, అమెరికాలోనే డెన్వర్ పక్క కొండల్లోని నీలం వేరు, యూటా రాష్ట్రంలోని మోయాబ్ ఊరి నీలం వేరు. అక్టోబరులో నేను, మా ఆవిడ, బావమరిది కలిసి మోయాబ్ వెళ్లినప్పుడు ఆ తేడా మొదటి సాయంత్రమే తెలిసొచ్చింది.

మా సంగతి ముందే చెప్పేస్తాను, దాన్ని బట్టి మీరు లెక్క వేసుకోవచ్చు. నేనూ బావమరిదీ మూడేళ్లుగా మట్టి దారుల్లో తొక్కుతున్నాం. చెట్టు వేర్లు, చిన్న రాళ్లు పర్వాలేదు. మోకాలెత్తు రాతి మెట్టు ఎదురైతే మాత్రం మర్యాదగా దిగి సైకిల్ ఎత్తుకుంటాం. మా ఆవిడకు తొక్కడం వచ్చు కానీ పిచ్చి లేదు. ఉన్నవి రెండు రోజులు.

మోయాబ్ పేరెత్తితే అందరూ స్లిక్‌రాక్ ట్రైల్ అంటారు. 1969లో మోటార్ సైకిళ్ల కోసం గుర్తులు పెట్టిన దారి అది, సైకిళ్లు తర్వాత వచ్చాయి. రాతి మీద వేసిన తెల్ల గీతలు పట్టుకుని పోవడమే. స్లిక్ అంటే జారేది. ఇనుప నాడాలు కొట్టిన గుర్రాలు జారేవట, ఆ పేరే ఉండిపోయింది. రబ్బరు టైరు మాత్రం ఆ ఇసుకరాతిని ఉడుంపట్టు పడుతుంది. అంత పట్టు ఉంది కాబట్టే గోడలాంటి ఎక్కుళ్ల మీదకు కూడా దారి తీశారు. "మొత్తం పది మైళ్లేగా బావా, మూడు గంటల్లో లేపేద్దాం" అన్నాడు బావమరిది. ఊళ్లో దిగిన సాయంత్రం ఊరికే చూసొద్దామని మొదలు దాకా వెళ్లాం. మాకంటే పదేళ్లు చిన్నవాళ్లు మొదటి ఎక్కుడులోనే సైకిళ్లు నెట్టుకుంటూ కనిపించారు. వాడు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మైళ్లు చూసి దారిని అంచనా వేయకండి. మామూలు మట్టి దారిలో పాతిక మైళ్లకు పడే శ్రమ ఇక్కడి పది మైళ్లలోనే పడుతుంది.

ఇక మిగిలింది డెడ్ హార్స్ పాయింట్ స్టేట్ పార్కు, అందులోని ఇంట్రెపిడ్ ట్రైల్స్ అనే సైకిల్ దారులు. మోయాబ్ నుంచి 191 హైవే మీద ఉత్తరానికి వెళ్లి, ఎడమకు 313 రోడ్డెక్కాలి. ముప్పై మైళ్ల పైచిలుకు, ముప్పావు గంట పట్టింది. మేం వెళ్లినప్పుడు కారుకు 20 డాలర్లు తీసుకున్నారు. ఇది యూటా రాష్ట్రం వాళ్ల పార్కు, నేషనల్ పార్కుల వార్షిక పాస్ ఇక్కడ చెల్లదు. గేటు దగ్గర ఆ పాస్ చూపించి నవ్వులపాలైన వాళ్లలో మేమూ ఉన్నాం.

పేరు వెనకున్న కథ బాధ పెడుతుంది. చుట్టూ నిట్టనిలువు లోయలున్న ఈ మెట్టకు ముప్పై గజాల వెడల్పున్న మెడ లాంటి దారి ఒక్కటే ఉంది. పూర్వం పశువుల కాపర్లు అడవి గుర్రాలను దీని మీదకు తోలి, మెడ దగ్గర కంప అడ్డం పెట్టేవాళ్లట. ఒకసారి అలా వదిలేసిన గుర్రాలు, రెండు వేల అడుగుల కింద కొలరాడో నది కనిపిస్తూండగానే దాహంతో చచ్చిపోయాయని చెబుతారు. నిజమో కల్పనో కానీ నీళ్ల సంగతి మాత్రం ఈనాటికీ అంతే. పార్కుకు సొంత నీళ్లు లేవు, ట్యాంకర్లతో తెచ్చుకుంటారు. క్యాన్లన్నీ మోయాబ్‌లోనే నింపుకుని ఎక్కండి.

ట్రైల్స్ అన్నీ కలిపి 16.6 మైళ్లు. విజిటర్ సెంటర్ దగ్గరే మొదలవుతాయి. రోడ్డుకు తూర్పున గ్రేట్ పిరమిడ్, బిగ్ చీఫ్ అనే లూపులు (బయల్దేరిన చోటికే తిరిగొచ్చే చుట్టుదారులు), పడమరన ట్విస్టెడ్ ట్రీ, ప్రిక్లీ పేర్, విప్‌టెయిల్. వీటిని ఒకదానికొకటి కలుపుకుంటూ పోవచ్చు, అలిసిపోతే మధ్యలో తెంపుకుని వెనక్కి రావచ్చు. మధ్యస్థంగా తొక్కేవాళ్లకు నేను ఈ దారే చెప్పడానికి అసలు కారణం అది. మా ఆవిడ నాలుగు మైళ్ల గ్రేట్ పిరమిడ్ చుట్టు చుట్టేసి, విజిటర్ సెంటర్ దగ్గర కాఫీ తీసుకుని కూర్చుంది. మేం ముందుకు సాగాం. ఒకే జట్టులో మూడు రకాల వాళ్లున్నా ఎవరి ముఖం మాడదు.

పొద్దున్నే తూర్పు వైపు మొదలుపెట్టాం. ఎర్రమట్టి సన్నదారి, మధ్యమధ్య రాతి పలకలు, పొట్టి జూనిపర్ చెట్లు. పెద్ద ఎక్కుళ్లు లేవు, కానీ దారి ఎక్కడా సాఫీగా ఉండదు. జానెడు మెట్టు, ఇసుక మడుగు, మలుపు, మళ్లీ మెట్టు. గేరు మార్చడం ఒక్క సెకను ఆలస్యమైతే అక్కడే ఆగిపోతాం. బిగ్ చీఫ్‌లో రెండు చోట్ల దిగాను, బావమరిది నాలుగు చోట్ల (అతను మూడంటాడు). లోయ అంచుకు దగ్గరగా వెళ్లే చోట్ల రెయిలింగ్ ఉండదు. దారి అంచుకు ఎడంగానే ఉంటుంది కానీ కళ్లు అటే లాగుతాయి. చూడాలనిపిస్తే దిగి చూడండి. తొక్కుతూ చూస్తే చూపు ఎటు పోతే సైకిల్ అటే పోతుంది.

ఆ అంచు నుంచి కింద ఎడారి నడుమ మెరిసే నీలం చెరువులు కనిపిస్తాయి. మొదట ఈతకొలనులనుకున్నాం. పొటాష్ (ఎరువుల్లో వాడే ఉప్పు) ఎండబెట్టే మడులవి. భూమిలోకి నీళ్లు పంపి పొటాష్ కరిగించి, పైకి తోడి ఎండకు పెడతారు. నీళ్లు ఎండను ఎక్కువగా పీల్చి త్వరగా ఆవిరవ్వాలని నీలం రంగు కలుపుతారు. మన ఉప్పు మడుల పద్ధతే, రంగొక్కటే అదనం. ట్రైల్స్‌కు ఇంట్రెపిడ్ అనే పేరు ఆ పొటాష్ కంపెనీదే, దారులు వేయడానికి డబ్బు సాయం చేసిందట. వెనక లా సాల్ కొండల శిఖరాల మీద అప్పటికే కొంచెం మంచు పడి ఉంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. దారి పక్కన నల్లగా, మాడిన అట్టులా గరుకుగా కనిపించేది మామూలు మట్టి కాదు. సూక్ష్మజీవులు అల్లుకుని పెరిగిన పొర. గాలికి ఇసుక కొట్టుకుపోకుండా అదే పట్టి ఉంచుతుంది. ఒక్క టైరు గీత పడితే మళ్లీ పూడడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. ఎదురుగా సైకిల్ వస్తే పక్కకు మట్టిలోకి తప్పుకోకండి, రాతి మీద ఆగండి.

పడమటి వైపు నాకు అంతగా నచ్చలేదు. దారి సులువే, వేగం కూడా వస్తుంది, కానీ మధ్యాహ్నపు ఎండలో ఇసుక ఎక్కువ అనిపించింది. ఆగడాలతో కలిపి మొత్తం నాలుగు గంటలు పట్టింది. తలా మూడు లీటర్లు తీసుకెళితే చివరి మూడు మైళ్లు గుక్కలు లెక్కపెట్టుకుంటూ తాగాం. అక్టోబరులోనే ఇలా ఉంటే ఎండాకాలం ఊహించుకోండి. మార్చి నుంచి మే దాకా, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా సరైన కాలం.

ఇక అద్దె సైకిళ్లు. ఊళ్లో అద్దె దుకాణాలకు కొదవ లేదు. మేం ముందుగా బుక్ చేసుకున్న చోట ఫుల్ సస్పెన్షన్ సైకిల్ (ముందూ వెనకా కుదుపు తట్టుకునే ఏర్పాటున్నది) అన్నారు, ఇచ్చిందీ అదే, అబద్ధం లేదు. కానీ నా బరువు అడగలేదు, సస్పెన్షన్ సరిచేయలేదు, టైర్లలో గాలి రాయిలా కొట్టి ఇచ్చారు. మొదటి మైలంతా దవడలు ఎగిరిపడ్డాయి. చివరికి ఒక చెట్టు కింద ఆగి ఇరవై అయిదు పీఎస్ఐ దాకా గాలి తీశాక గానీ టైరు రాతిని పట్టలేదు. బావమరిది వెనక టైరులో కాక్టస్ ముల్లు దిగింది. ట్యూబ్‌లెస్ కదా, లోపలి సీలెంట్ ద్రవం చిల్లును దానంతటదే పూడుస్తుందని ధీమాగా చూస్తూ నిలబడ్డాం. సీలెంట్ ఎప్పుడో ఎండిపోయింది. వేరే జట్టు వాళ్లిచ్చిన ప్లగ్ (చిల్లు మూసే రబ్బరు ముక్క) గుచ్చి బయటపడ్డాం. తిరిగి ఇచ్చేటప్పుడు ఈ సంగతి చెబితే, సారీ అని ఒక వాటర్ బాటిల్ చేతిలో పెట్టారు. మీరు సైకిల్ తీసుకునేటప్పుడు చక్రం చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపల ద్రవం కదిలే చప్పుడు రావాలి. కౌంటర్ దగ్గర పది నిమిషాలు మొండిగా నిలబడి సస్పెన్షన్ సరిచేయించుకోండి. పంపు, ప్లగ్‌లు అడిగి తీసుకోండి.

బస విషయంలో మాత్రం మాకు అదృష్టం కలిసొచ్చింది. పార్కులోనే యుర్ట్‌లున్నాయి, గుండ్రటి గుడారం ఇళ్లు. ఎవరో రద్దు చేసుకుంటే మాకు ఒక రాత్రికి దొరికింది. లేకపోతే నాలుగు నెలల ముందు బుకింగ్ తెరవగానే పట్టుకోవాలి. మంచాలు, కరెంటు, హీటరు ఉన్నాయి. దుప్పట్లు మనవే. లోపల కుళాయి లేదు, బాత్రూం కొన్ని అడుగులు నడిచి వెళ్లాలి. మా ఆవిడ రైస్ కుక్కర్ పెట్టుకొచ్చింది, తీరా చూస్తే లోపల వంట చేయకూడదు. బయట గ్రిల్ ఇచ్చారు, దాని మీద అన్నం గిన్నె పెట్టి అడుగంటించుకున్నాం. అయినా మళ్లీ వెళితే ఇక్కడే దిగుతాను. గుమ్మంలోంచి సైకిలెక్కితే ట్రైలే. పైగా ఇది 2016లో అంతర్జాతీయ డార్క్ స్కై పార్కుగా, అంటే దీపాల వెలుగు అడ్డురాని చీకటి ఆకాశం ఉన్న పార్కుగా, గుర్తింపు పొందిన చోటు. రాత్రి పదింటికి లైటు ఆర్పి బయటికొస్తే పాలపుంత నెత్తి మీదే ఉంది.

మొదటి రాత్రి మోయాబ్ మోటెల్‌లో గడిపాం. స్నానానికీ తిండికీ హాయి, నిద్రకు కాదు. మెయిన్ రోడ్డు మీద లారీలు తెల్లార్లూ తిరిగాయి. సైకిళ్లు గదిలోకి తెచ్చుకోనిస్తారో లేదో ముందే అడగండి.

రెండో రోజు తిరుగు దారిలో 313 రోడ్డు పక్కనే ఉన్న నవాహో రాక్స్ దగ్గర ఆగి అక్కడి బిగ్ మెసా ట్రైల్, ఆ తర్వాత కోనీ ఐలాండ్ ట్రైల్‌లో కొంత తొక్కాం. అక్కడ రాతి పలకలు ఎక్కువ, మలుపులు సరదాగా ఉన్నాయి. నవాహో రాక్స్ మొత్తం లూప్ పదిహేడు మైళ్ల దాకా ఉంటుంది, ఇంట్రెపిడ్ కంటే ఒక మెట్టు కష్టం. సగంలో మబ్బు పట్టి చినుకులు మొదలైతే తిరిగొచ్చేశాం. తడి ఇసుకరాయి పెళుసుగా ఊడొస్తుంది, తడి మట్టిలో చక్రాలు గాడి పెడతాయి. ఆ మిగిలిన సగం కోసం బావమరిది ఏప్రిల్‌కి అప్పుడే సెలవు పెట్టాడు. ఈసారి టైర్ ప్లగ్‌లు ముందే కొన్నాడు.