లోపలి ప్యాడ్ చూడకుండానే ‘ఏమీ లేదు’ అన్నారు

ఐదు రోజుల కొండ ప్రయాణం గురించి రాద్దామని కూర్చుంటే ముందుగా గుర్తొస్తున్నది కొండలు కాదు, బయల్దేరే ముందు మా బండిని చూసిన సర్వీస్ సెంటర్. అక్కడ జరిగిన పది నిమిషాల చెకప్ మిగతా ప్రయాణమంతా మా వెంటే వచ్చింది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

మాది పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ బండి, అంటే మనం వేసినప్పుడే నాలుగు చక్రాలనూ ఇంజను తిప్పుతుంది. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, వెనక డ్రమ్ము బ్రేకులు. అప్పటికి 41,000 కి.మీ. తిరిగింది. ప్రయాణానికి రెండు వారాల ముందు నుంచి, మెల్లగా బ్రేకు వేసినప్పుడల్లా ముందు ఎడమ వైపు సన్నగా కీచుమనేది. నడిపేది నేనే కాబట్టి ముందు నాకే వినిపించింది. మా బావ “లావు టైర్లు, బరువు బండి, ఆ మాత్రం సౌండ్ ఉంటుందిలే మరదలా” అన్నారు. నాకు మాత్రం మనసొప్పక సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాను.

అక్కడ చక్రం విప్పలేదు. ఒకతను వచ్చి, అల్లాయ్ చక్రం సందుల్లోంచి టార్చి వేసి చూసి, “ప్యాడ్లు ఇంకా 6 మి.మీ. ఉన్నాయి మేడమ్, ఇది దుమ్ము సౌండే” అన్నాడు. ఏదో స్ప్రే కొట్టి, గాలితో ఊది పంపించాడు. దానికి వేసిన బిల్లు, మేం మొదటి రాత్రి దిగిన లాడ్జి గది అద్దెలో సరిగ్గా మూడో వంతు. ఈ ప్రయాణంలో ఖర్చులన్నీ ఆ గది అద్దెతోనే పోల్చి చెబుతాను. ధరలు చోటును బట్టి మారతాయి, ఏది ఎన్ని రెట్లు పడింది అన్నది చదివేవాళ్లకు ఎక్కువ పనికొస్తుంది.

6 మి.మీ. అంటే కంగారు పడాల్సింది కాదు నిజమే. కొత్త ప్యాడ్ మీద అరిగే పదార్థం సుమారు 10 నుంచి 12 మి.మీ. ఉంటుంది, 3 మి.మీ.కి వచ్చిందంటే మార్చేయాలి. కానీ చక్రంతో పాటు తిరిగే ప్రతి డిస్కునూ ఒత్తి పట్టడానికి ఇటొకటి అటొకటి రెండు ప్యాడ్లుంటాయి. చక్రం సందుల్లోంచి కనిపించేది బయటి ప్యాడే. లోపలిది, ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ అనే భాగం వెనక దాక్కుని ఉంటుంది. అతను చూసింది సగం, చెప్పింది మొత్తం. ఈ తేడా నాకు తెలియక డబ్బు కట్టి వచ్చేశాను. కీచు ఆ ఒక్క రోజు తగ్గి, మర్నాడు మళ్ళీ మొదలైంది.

మొదటి రోజు మైదానం రోడ్డు, 310 కి.మీ., ఏ ఇబ్బందీ లేదు. లాడ్జి శుభ్రంగా ఉంది. అంతే.

రెండో రోజు వాగు దాటాలి. నీళ్లు చక్రంలో సగానికి వచ్చాయి, అడుగున బురద, గులకరాళ్లు. నాలుగు చక్రాలనూ నిదానంగా, బలంగా తిప్పే ఫోర్ లో గేరు వేసి, బ్రేకు ముట్టుకోకుండా మొదటి గేరులోనే దాటించాను. అవతలి గట్టెక్కి రెండు వందల మీటర్లు పోయామో లేదో, భరించలేనంత గరగర! బ్రేకు వేసినా వేయకపోయినా అదే చప్పుడు. నాన్న పైనున్న హ్యాండిల్ పట్టుకుని “ఆపమ్మా, ఆపు” అన్నారు. అక్క నిద్రలోంచి ఉలిక్కిపడి లేచింది. దిగి చూస్తే బయటికి ఏమీ కనిపించలేదు. డిస్కు వెనకాల పల్చటి రేకు ఒకటి ఉంటుంది, దానికీ డిస్కుకీ మధ్య చిన్న రాయి ఇరుక్కుంటే ఇలాగే అరుస్తుందని నాకు తెలుసు. బండిని మెల్లగా పది అడుగులు వెనక్కి, మళ్ళీ ముందుకి నడిపాను. నాలుగోసారికి టక్కుమని రాయి జారిపోయింది. చప్పుడు ఆగింది. తర్వాత ఒక కిలోమీటరు వరకు పెడల్ మీద కాలు తేలిగ్గా ఆనించి, తడి ఆరేదాకా నడిపాను. వాగు దాటాక ఇది ఎవరైనా చేయాల్సిన పని. వెనక డ్రమ్ములున్న బండైతే ఇంకా తప్పనిసరి, లోపలికెళ్లిన నీళ్లూ బురదా డ్రమ్ములోంచి తొందరగా బయటికి రావు.

ఆ రాయి పోయాక మేమంతా ధీమాగా అయిపోయాం. తర్వాత వినిపించిన ప్రతి చప్పుడినీ వాగు మీదికి నెట్టేశాం. నేను చేసిన తప్పు అదే.

కొండ మీది బసకు మొదటి లాడ్జి కన్నా ఒకటిన్నర రెట్లు తీసుకున్నారు. దుప్పట్లు చెమ్మగా ఉన్నాయి, కిటికీ గడియ పడదు, లోయ కనిపించే గది అని చెప్పి నీళ్ల ట్యాంకు కనిపించే గది ఇచ్చారు. అక్క ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు. పార్కింగ్ అయితే నిట్టనిలువు వాలు. హ్యాండ్‌బ్రేక్ లాగి, గేరులో పెట్టి, చక్రం కింద రాయి పెడితే తప్ప నమ్మకంగా వదిలి రాలేం. ఆ చోటుకు నేను మళ్ళీ వెళ్లను. కానీ అక్కడి వాచ్‌మన్ చెప్పిన ఒక్క మాట, ఆ గదికి కట్టిన డబ్బంతటి కన్నా విలువైంది.

రాయి పెట్టడానికి వంగినాయన అక్కడే ఆగి, “అమ్మా, ఈ ఎడం చక్రం దగ్గర ఒక్కచోటే వేడి కొడుతోంది. కాలిన వాసన కూడా వస్తోంది. కుడిది చూడండి, అలా లేదు” అన్నారు. నేనూ చెయ్యి ముట్టించకుండా దగ్గర పెట్టి చూశాను. నిజమే. బావ “ఘాట్ రోడ్డెక్కి వచ్చాం కదా” అన్నారు. కానీ ఎక్కేటప్పుడు బ్రేకుల పని తక్కువ. పైగా మలుపుల్లో వేసిన బ్రేకులైతే రెండు చక్రాలూ ఒకేలా వేడెక్కాలి. ఒక్కటే కాగుతోందంటే ఆ ప్యాడ్ డిస్కును వదలడం లేదన్నమాట. ఇంత స్పష్టంగా ఆ రాత్రి ఆలోచించలేకపోయాను, అలసిపోయి ఉన్నాను. మూడో రోజంతా బండి తీయకుండా నడిచే తిరిగాం. నాలుగో రోజు ఉదయం డిస్కు మీద మంచుకు పట్టిన సన్నటి తుప్పు గీరుకుని, మూడు నాలుగు బ్రేకులకు పోయింది. అది మామూలే, దానికి ఎవరూ భయపడక్కర్లేదు.

అసలు భయం దిగేటప్పుడు వచ్చింది. వాలు మొదలైన ఆరో కిలోమీటరులో కీచు కాస్తా కరకరగా మారింది. ఇనుము మీద ఇనుము రాస్తున్నట్టు, పెడల్ నొక్కినప్పుడల్లా పాదానికి తెలిసే చప్పుడు. బ్రేకు వేస్తే బండి కుడి వైపుకి లాగుతోంది. రోడ్డు వెడల్పుగా ఉన్న చోట ఆపేశాను. ఇలాంటప్పుడు చప్పుడు ఎక్కడి నుంచో తేల్చుకోవడం ముఖ్యం. పెడల్‌తో పాటు వచ్చి పెడల్‌తో పాటు పోతే అది బ్రేకు. వేగంతో పెరుగుతూ, మలుపులో ఒక వైపు ఎక్కువై ఇంకో వైపు తగ్గితే చక్రం బేరింగ్‌ను అనుమానించాలి. మాది పెడల్‌తోనే వస్తోంది. పెడల్ గట్టిగానే ఉంది, మెత్తబడలేదు, అంటే బ్రేక్ ఆయిల్ మరగలేదు. ఆయిల్ పాతబడి తేమ పీల్చుకుంటే తొందరగా మరుగుతుంది. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా ఆగాలి, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మాది మార్చి ఏడాదే అయింది. ఆ రోజు మమ్మల్ని కాపాడింది అదేనని నా నమ్మకం.

“బటన్ ఉంది కదా, దిగుడుకి అది వేసెయ్, అదే చూసుకుంటుంది” అన్నారు బావ. ఫోర్ బై ఫోర్ కొన్న చాలామంది ఇలాగే అనుకుంటారు. హిల్ డిసెంట్ బటన్ నొక్కితే బండి తనంతట తాను పట్టేది ఆ బ్రేకులనే. అరిగిన ప్యాడ్‌ను మన కాలు నొక్కినా కంప్యూటర్ నొక్కినా ఒకటే. నాలుగు చక్రాలూ తిప్పే బండి ఎక్కడానికి సాయం చేస్తుంది. ఆగే విషయానికొస్తే ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ బ్రేకులుంటాయి, మన బండి ఇంకాస్త బరువు, అంతే తేడా. దిగేటప్పుడు దీనిలో నిజంగా పనికొచ్చేది ఫోర్ లో గేరు, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. అయితే పార్ట్ టైమ్ బండిలో దాన్ని గట్టి తారు రోడ్డు మీద వాడకూడదు, మలుపుల్లో ముందు వెనక ఇరుసులు ఒకదాన్నొకటి బిగదీసుకుంటాయి. కంకర ఉన్నంత మేర ఫోర్ లో, తారు మీద రెండు చక్రాలే తిప్పే టూ హైలో మొదటి గేరు, అలా దిగాలని నిర్ణయించుకున్నాను.

బావ, అక్క సామానంతా దింపుకుని వెనకొచ్చిన వేరే బండిలో కిందికి వెళ్లారు. బరువు తగ్గిద్దామనే. నాన్న మాత్రం “నిన్నొక్కదాన్నీ వదిలి నేను వెళ్లను” అని పక్కనే కూర్చున్నారు. 12 కి.మీ. దిగడానికి గంటా పది నిమిషాలు పట్టింది. ఒక్కసారి కూడా 15 దాటలేదు. నాన్న ఏమీ మాట్లాడలేదు, మలుపు ముందల్లా “మెల్లగా” అన్నారు, అంతే. ఇంకోసారైతే ఈ పని చెయ్యను, పైకే మెకానిక్‌ను పిలిపిస్తాను.

కింద మొదట దొరికింది అద్దాల పెద్ద వర్క్‌షాప్. చక్రం విప్పకుండానే ముందు రెండు డిస్కులు, రెండు కాలిపర్లు, ప్యాడ్లు మొత్తం మార్చాలన్నారు. తొమ్మిది రాత్రుల గది అద్దె అంత! సామాన్లు రావడానికి రెండు రోజులన్నారు. మొదటిచోట విప్పకుండా ఏమీ లేదన్నారు, ఇక్కడ విప్పకుండా అంతా పోయిందన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

రోడ్డుకు ఇవతల రేకుల షెడ్డులో ఒక పెద్దాయన పని చేసుకుంటుంటే అడిగాను. “విప్పి చూడందే ఏం చెప్పనమ్మా” అన్నారు. ఆ ఒక్క మాటకే బండి ఆయనకు అప్పగించాను. చక్రం తీశారు, కాలిపర్ లేపారు, నన్ను పిలిచి చూపించారు. బయటి ప్యాడ్ నిక్షేపంలా ఉంది, దాదాపు 6 మి.మీ. లోపలిది ఉత్త ఇనప పలకే మిగిలింది. దానికి ఒక చిన్న రేకు నాలుక ఉంటుంది, ప్యాడ్ అరిగి చివరికొచ్చినప్పుడు డిస్కును రాసుకుని కీచుమనడమే దాని పని. రెండు వారాలు నాకు వినిపించింది అదే. దుమ్మని ఊదేసింది దాన్నే.

కారణం కూడా ఆయనే పట్టుకున్నారు. కాలిపర్ అటూ ఇటూ జరగడానికి రెండు పిన్నులుంటాయి. ఒక దాని రబ్బరు తొడుగు చిరిగి, ఎప్పటి బురదో లోపలికి పోయి, గ్రీజు ఎండి పిన్ను బిగుసుకుపోయింది. అప్పుడు బ్రేకు వేస్తే కాలిపర్‌లోని పిస్టన్ లోపలి ప్యాడ్‌ను నొక్కుతుంది గానీ, కాలిపర్ జరిగి బయటి దాన్ని లాక్కురాలేదు. పెడల్ వదిలాక లోపలిది సరిగా వెనక్కి రాదు. బురదలో, వాగుల్లో తిరిగే బండికి ఇది మామూలు జబ్బేనని, ఏడాదికోసారి పిన్నులు తీసి శుభ్రం చేయించుకోవాలని చెప్పారు. మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బిపోతుందట, బ్రేకుల కోసం వచ్చే గ్రీజే పెట్టారు.

డిస్కు మీద గాట్లు పడ్డాయి. దాని మీదే అచ్చు వేసి ఉంటుంది, ఇంతకన్నా పల్చబడితే వాడొద్దని. మాదాని మీద 26 మి.మీ. ఉంది. కొలిస్తే 27.4 వచ్చింది. రెండు డిస్కులూ లేత్ మీద పట్టించి 26.8కి తెచ్చి, “ఈసారికి నడుస్తాయి, వచ్చేసారి ప్యాడ్లతో పాటు ఇవీ మార్చేయండి” అన్నారు. ప్యాడ్లు రెండు వైపులా కొత్తవి వేశారు. ఒక వైపు మాత్రమే మారిస్తే బండి ఒక పక్కకి లాగుతుంది, ఎవరైనా అలా చేస్తామంటే ఒప్పుకోవద్దు. ప్యాడ్లకు ఒకటిన్నర గది అద్దె, లేత్ పనికి అర, కూలి, రబ్బర్లు, గ్రీజు కలిపి అర. మొత్తం రెండున్నర. టైము మూడున్నర గంటలు. పాత ప్యాడ్లు కాగితంలో చుట్టి నా చేతికిచ్చారు.

ఖాళీ రోడ్డు మీద 50లో వెళ్తూ పూర్తిగా ఆపకుండా ఓ పదిసార్లు మెల్లగా బ్రేకు వేసి, చల్లారనిచ్చి, అప్పుడు ఘాట్‌లోకి వెళ్లమన్నారు. కొత్త ప్యాడ్ డిస్కు మీద సమంగా కూర్చోవడానికట. అలాగే చేశాను. చప్పుడు లేదు, లాగడం లేదు. బావ చాలాసేపటికి “నువ్వు మొదట చెప్పినప్పుడే వినాల్సింది” అన్నారు. ఐదో రోజు ఇంటిదాకా నాన్న హాయిగా నిద్రపోయారు.

మర్నాడే ఆ ప్యాడ్లు తీసుకుని సర్వీస్ సెంటర్‌కు వెళ్లాను. కౌంటర్ మీద రెండూ పక్కపక్కన పెట్టాను. టార్చి వేసి చూసినతను చాలాసేపు తిప్పి చూసి, “లోపలిది చూడలేదు మేడమ్” అన్నాడు. డబ్బు తిరిగిచ్చారు. వచ్చేస్తుంటే బయట ఇంకో ఫోర్ బై ఫోర్ నిలబడి ఉంది, కొండలకు వెళ్లే బండే, పైన సామాను కట్టి ఉంది. ఒక కుర్రాడు చక్రం సందుల్లోంచి టార్చి వేసి చూస్తున్నాడు. పక్కనున్న బండి ఆయన దగ్గరికెళ్లి, నా చేతిలోని ఇనప పలక చూపించి, చక్రం విప్పేదాకా ఇక్కడి నుంచి కదలొద్దని చెప్పాను.