మల్లేశమా, సినిమా బండా?

రెండూ చిన్న సినిమాలే, చూడవలసినంత మంది చూడనివే. ఒక్క సాయంత్రమే ఉంటే నేను ముందు ‘మల్లేశం’ పెట్టమంటాను.

2019లో వచ్చిన ఈ చిత్రం ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం జీవితకథ. పోచంపల్లి చీరకు నూలు సిద్ధం చేయాలంటే ఆసు పోయాలి. అంటే అర్ధవృత్తంలో ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేత్తో వేల సార్లు తిప్పాలి. తల్లిగా ఝాన్సీ ఆ పని చేస్తుంటే మన భుజం లాగినట్టుంటుంది. కొడుకు పట్టుదలకు మూలం ఆ నొప్పే. మల్లేశంగా ప్రియదర్శి నటనలో ఎక్కడా అతి లేదు.

ప్రవీణ్ కండ్రేగుల తీసిన ‘సినిమా బండి’ (2021) తేలిక. ఆటోలో ఎవరో మరచిపోయిన ఖరీదైన కెమెరా దొరకగానే, డ్రైవర్ వీరబాబు పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ గణపతిని వెంటబెట్టుకుని ఊళ్లోవాళ్లతోనే సినిమా మొదలుపెడతాడు. వచ్చే డబ్బుతో ఊరు బాగుపడాలని అతని ఆశ. నటులు కొత్తవాళ్లు కాబట్టే ఆ ఊరు నిజంగా ఊరులా ఉంటుంది.

పిల్లలతో కూర్చుంటే మాత్రం ‘సినిమా బండి’నే ఎంచుకోండి. అమ్మ పక్కనుంటే ‘మల్లేశం’.